ముందే చింపిన శనివారం

ఆ రోజుల్లో నేను లేకపోతే దేవుడి పని ఒక్క పూట కూడా నడవదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఇరవై మూడేళ్ళకే చర్చి యవ్వనస్థుల సంఘానికి సెక్రటరీ అయినవాడికి ఆ మాత్రం నమ్మకం లేకపోతే బాగుండదు కదా. తొంభైల నడిమి సంగతి ఇది. సెల్‌ఫోన్లు మా వాడ దాకా ఇంకా రాలేదు. మనిషి ఎంత తీరిక లేనివాడో పదిమందికీ తెలియాలంటే చేతిలో డైరీ ఉండాల్సిందే. నాది నల్ల అట్ట డైరీ, మధ్యలో ఎర్ర రిబ్బను. అందులో మే నెల పేజీలు తిప్పితే తెల్ల కాగితం కనిపించేది కాదు, అది చూసి నాకు నేనే మురిసిపోయేవాణ్ణి. పొద్దున్న ఏడింటికి ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పాలి (కొత్త ఉద్యోగం; నాకంటే పొడుగున్న కుర్రాళ్ళు నన్ను 'సార్' అనేవాళ్ళు, అదో మత్తు). తొమ్మిదింటికి అక్కడ బస్సు పట్టుకుంటే పదింటికి చర్చిలో వి.బి.ఎస్., అంటే వేసవి సెలవుల్లో పిల్లలకి పాటలూ వాక్యమూ నేర్పే బడి. దానికి డైరెక్టర్ని నేనే. సాయంత్రం పాటల ప్రాక్టీసు, ఆ తర్వాత ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక, అది లేని రోజు కమిటీ, కమిటీ లేని రోజు వచ్చే కమిటీ ఎప్పుడో తేల్చుకోవడానికి ఇంకో కమిటీ.

ఇంటికి మాత్రం ఆ డైరీలో గడి లేదు. మేం గాజువాక దాటాక స్టీలు ప్లాంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. అమ్మ, నాన్న, చెల్లి, నేను. నాన్నది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ: ఒక వారం పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా, ఒక వారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, మరో వారం రాత్రంతా. రాత్రి డ్యూటీ వారంలో ఆయన ఇల్లు చేరే వేళకి నేను బయల్దేరేవాణ్ణి. అంచేత ఆ వేసవిలో మా తండ్రీకొడుకులం కలుసుకున్నది ఎక్కువగా బస్టాపులోనే. "ఎల్తన్నావా?" అనేవాడు నాన్న బస్సు దిగుతూ. "వచ్చేశావా?" అనేవాణ్ణి నేను బస్సెక్కుతూ. అదే మా కుటుంబ సంభాషణ. చెల్లి ఇంటరు పాసై నర్సింగు ట్రైనింగుకి సీటు తెచ్చుకుంది, గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో. జూన్ మొదట్లో వెళ్ళిపోవాలి, మూడేళ్ళ చదువు. ఈలోగా నేను దాన్ని కూడా వదలకుండా వి.బి.ఎస్.లో చిన్నపిల్లల క్లాసు అంటగట్టాను. ఇక అమ్మ, ముగ్గురికీ మూడు వేళల్లో మూడుసార్లు వడ్డించేది. తను ఎప్పుడు తినేదో మాలో ఎవరికీ తెలియదు. ఎవరమూ అడగలేదు కూడా.

అమ్మది భీమిలి. వాళ్ళ నాన్న అక్కడ మిషన్ బళ్ళో మేష్టారు. పెళ్ళయి పాతికేళ్ళయినా అమ్మ మాటలో భీమిలి యాస ఇసుమంతైనా తగ్గలేదు, తగ్గించుకోవాలని ఆవిడా అనుకోలేదు. ఆ వేసవి అమ్మ అడిగింది ఒక్కటే. చెల్లి వెళ్ళిపోయేలోగా నలుగురం కలిసి ఒక్క రోజు భీమిలి వెళ్ళాలి, ఒడ్డున కూర్చుని అన్నం తినాలి. ఏప్రిల్ నుంచీ అడుగుతోంది. "ఒరే, ఎప్పుడెల్దాం రా?" అంటే నేను డైరీ తీసి, రిబ్బను పక్కకి జరిపి, కనుబొమలు ముడిచి పేజీలు తిప్పేవాణ్ణి. "జూన్ ఇరవై దాటాక ఒక సాయంత్రం ఖాళీ ఉందమ్మా" అన్నాను ఒకసారి. "అప్పటికి అది ఉండదు కదరా" అంది అమ్మ. "అవును కదా. అయితే ప్రార్థన చెయ్యమ్మా, దేవుడే దారి చూపిస్తాడు" అనేసి చెప్పులేసుకున్నాను. యవ్వనస్థుల సెక్రటరీకి ఇలాంటి మాటలు నోటి చివర సిద్ధంగా ఉంటాయి. అమ్మ ఆ మాటని అక్షరాలా పట్టుకుంటుందని నేనేం కలగన్నానా.

ఆ ఏడు వి.బి.ఎస్.లో మా పాఠాలన్నీ 'కుటుంబం' గురించి (నవ్వకండి, నవ్వాల్సింది ముందుంది). ముగింపు రోజు పిల్లల చేత వేయించడానికి నేనొక నాటిక రాశాను. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు నేలమీద గుండ్రంగా కూర్చుని, ప్రార్థన చేసుకుని, కలిసి భోంచేస్తారు. అంతే కథ. తండ్రి వేషం నాదే, నా అంత బాగా ఇంకెవరూ చెయ్యరని. నాటికలో కంచాలు ఖాళీగా ఉంటాయి, తినడం నటన. ఆ కంచాల కోసం ఇంట్లోంచి మా నాలుగు స్టీలు కంచాలూ చర్చికి పట్టుకుపోయాను. పేర్లు చెక్కించిన కంచాలవి. ఒకటి నాన్నది, ఒకటి అమ్మది, నేను పుట్టాక ఒకటి, చెల్లి పుట్టాక ఒకటి, అమ్మే కొని చెక్కించింది. సంచిలో పెడుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "కంచాలు కూడా ఎల్లిపోతన్నాయా" అంది. "పది రోజులే కదమ్మా, దేవుడి పని" అన్నాను.

ఇప్పుడు చీటీల పెట్టె సంగతి చెప్పాలి. మా చర్చి వాకిట్లో ఒక చెక్కపెట్టె ఉండేది. ఎవరికి ఏ కష్టమున్నా కాగితం మీద రాసి అందులో వేస్తే, ఆదివారం ఆరాధనలో చదివి సంఘమంతా ప్రార్థన చేసేది. పేరు రాయకూడదు. చదివేవాడు 'ఒక సహోదరి', 'ఒక సహోదరుడు' అనాలి. ఎవరి చీటీయో తెలిసినా తెలియనట్టు ఉండడం మా సంఘపు మర్యాద. ఆ చదివే పని నాది. గొంతు బాగుంటుందని అప్పగించారని నేను అనుకునేవాణ్ణి. (వేరే ఎవరికీ తీరిక లేక అప్పగించారని తర్వాత తెలిసింది.) వి.బి.ఎస్. మొదటి వారం అయిన ఆదివారం, నాలుగో చీటీ తీశాను. రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంటుంది చూడండి, ఆ కాగితం వెనక వైపు పెన్సిల్‌తో రాసి ఉంది. "మా కుటుంబం కొరకు ప్రార్థన చేయగలరు. మేము నలుగురం. అందరూ మంచివారే. నలుగురం కలిసి కూర్చుని అన్నం తిని చాలా రోజులైనది. పిల్ల వెళ్ళిపోయేలోగా ఒక్క పూట దయచేయమని అడగగలరు."

నాకు చిన్నప్పుడు పలక మీద 'అ ఆ' దిద్దించిన చేతిరాత అది. ఎలా గుర్తుపట్టలేదని అడుగుతారేమో, అడగండి, నేనూ చాలాసార్లు అడుక్కున్నాను. చీటీ చదివేటప్పుడు నేను చీటీని చూసేవాణ్ణి కాదు, నా గొంతు వెనక బెంచీ దాకా వెళ్తోందా లేదా అని చూసేవాణ్ణి. పైగా మే నెలలో ఎవరింట్లో పిల్ల వెళ్ళిపోదు? పెళ్ళిళ్ళు, హాస్టళ్ళు, బదిలీలు. నా బుర్రకి తట్టింది మా కోశాధికారి ఇల్లు. ఆయన్ని మేం కోటు అంకుల్ అనేవాళ్ళం, రోళ్ళు పగిలే ఎండలో కూడా కోటు లేకుండా చర్చికి రాడని. వాళ్ళమ్మాయికి జూన్‌లో పెళ్ళి. ఇంకేం, లెక్క సరిపోయింది, లెక్కల మాష్టార్ని కదా. కళ్ళు మూసుకుని అందుకున్నాను.

"కృపగల తండ్రీ, చెదరిపోయిన ఈ గృహమును జ్ఞాపకము చేసికొనుము. ఆ గృహ యజమానుని కఠిన హృదయమును మెత్తపరచుము." అక్కడితో ఆగొచ్చు కదా. ఊపులో చీటీలో లేని కొడుకుని కూడా నేనే పుట్టించాను. "స్నేహితుల వెంట తిరుగుచు, ఇంటి దారి మరచి, తల్లి వేదనను లెక్కచేయని ఆ కుమారుని పట్టుకొనుము. అవసరమైతే చెవి మెలిపెట్టియైనను ఇంటికి తోడుకొని రమ్ము." స్త్రీల వైపు నుంచి గట్టిగా 'ఆమేన్' అని ఒక్క గొంతు వినిపించింది. అది మా అమ్మదే. నా ప్రార్థన అమ్మకి అంత నచ్చిందా అని పొంగిపోయి, ఇంకో రెండు నిమిషాలు పొడిగించాను.

ఆరాధన అయ్యాక నేను ఇంటికి వెళ్ళలేదు. యువకులతో సమాలోచన ఉంది, దాని తర్వాత నాలుగింటికి ముగింపు ఏర్పాట్ల కమిటీ. నాలుగయింది. నాలుగున్నరయింది. ఎనిమిదిమంది రావాల్సిన కమిటీకి నేనొక్కణ్ణే వచ్చాను. ఖాళీ బెంచీల ముందు కాసేపు కూర్చుని, హాజరు పట్టీలో నా పేరు రాసుకుని సంతకం కూడా పెట్టాను. విశ్వాసులు చల్లారిపోతున్నారని బాధ వేసింది. సరే, ఈ వేళని వృథా చెయ్యడం ఎందుకు, ఆ చెదిరిన కుటుంబాన్ని దర్శించి నాలుగు మంచి మాటలు చెప్పి వద్దామని సైకిలెక్కాను. చీటీ జేబులోనే ఉంది.

కోటు అంకుల్ ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన బనీనుతో కూర్చుని బకెట్లోంచి మామిడిపండు తీసి పిసుకుతున్నాడు. ఎవరో చుట్టమనుకుని "అంకుల్ ఉన్నారాండీ?" అని అడిగాను. "నేనే కదయ్యా" అన్నాడాయన. కోటు లేకుండా ఆయన్ని చూడడం అదే మొదలు. చుట్టూ భార్య, పెళ్ళికూతురు, కొడుకు, అందరి మోచేతుల దాకా రసం. "కూర్చో బాబూ, పండు తిను" అన్నారు. నేను గొంతు సవరించుకుని, కుటుంబమంతా కలిసి గడపడం ఎంత అవసరమో చెప్పడం మొదలుపెట్టాను. కలిసి కూర్చున్న నలుగురికీ కలిసి కూర్చోవాలని బోధించినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయివుంటాను. కోటు అంకుల్ శ్రద్ధగా విని, "బుద్ధొచ్చిందయ్యా బాబూ. పొద్దున్న నువ్వు ఆ చీటీ చదివాక మా ఆవిడ మొహం చూడలేకపోయాననుకో. అందుకే కమిటీ ఎగ్గొట్టేశాను" అన్నాడు. నేను నెగ్గాననుకున్నాను. గేటు దాకా సాగనంపడానికి వచ్చిన ఆంటీ గొంతు తగ్గించి, "ఆ చీటీ నేను రాయలేదు బాబూ. అయినా రాశాననే అనుకోనీ, ఆయనతో అనకు" అంది.

కోటు అంకుల్ కాకపోతే మా హార్మోనియం మాష్టారే అయివుండాలి, ఇంటికన్నా హార్మోనియం దగ్గరే ఎక్కువ ఉంటాడు. అక్కడికెళ్తే తలుపుకి తాళం. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "మేస్టారా? పెళ్ళాం పిల్లల్ని ఏసుకుని బీచికెల్లిపోనాడు బావా. ఏటో మరి, సర్చి నుంచి ఒచ్చిన కాడ్నించీ ఒకటే తొందర" అన్నాడు. పాటల ప్రాక్టీసు కూడా లేదన్నమాట, నాతో మాట మాత్రం చెప్పకుండా.

ఇక మిగిలింది అయ్యగారు, అంటే మా పాస్టరుగారు. ఆయన ఇంట్లో కింద కూర్చుని పిల్లలతో అష్టాచెమ్మా ఆడుతున్నారు, ఓడిపోతున్నారు. "రావయ్యా సెక్రటరీ. కమిటీకి రాలేకపోయాను, ఏమీ అనుకోకు. ఆ చీటీ మా ఇంట్లోదేనేమో అనిపించింది. అడిగితే మా ఆవిడ కాదంటోంది, కానీ చూశావా, కాదనడానికి చాలాసేపు ఆలోచించింది" అన్నారు గవ్వలు వేస్తూ. నేను తిరిగిన ఇళ్ళన్నీ చెప్పి, ఆ కుటుంబం ఎవరిదో పట్టుకునేదాకా వదలనన్నాను. అయ్యగారు గవ్వలు పక్కన పెట్టారు. "మీ ఇంట్లో అడిగావా?" అన్నారు. "మాది పర్లేదండి. మేమందరం సేవలోనే ఉన్నాం" అన్నాను. ఆయన చెయ్యి చాపి చీటీ అడిగారు. ఆయనైనా చదువుతారనుకున్నాను. చదవలేదు, తిరగేసి అచ్చు వైపు చూశారు. పెద్ద అంకె, కింద 'శనివారం'. వచ్చే శనివారం, అంటే వి.బి.ఎస్. ముగింపు రోజు. "మీ చెల్లాయి ప్రయాణం ఎప్పుడు?" అన్నారు. "ఆదివారం మధ్యాహ్నం రైలండి" అన్నాను. ఆయన చీటీ మడిచి నా చొక్కా జేబులో తనే పెట్టి, "ఇంటికెళ్ళు బాబూ" అన్నారు.

ఆ దారిలో సైకిలు తొక్కింది గుర్తులేదు. ఇంటికొచ్చేసరికి ఆరు దాటింది. నాన్న ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు, చర్చి నుంచి అటే వెళ్ళిపోయాడు. చెల్లి ముందుగదిలో ట్రంకుపెట్టెకి తన పేరు రాసుకుంటోంది. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఒక్కతే తింటోంది, మధ్యాహ్నం తినాల్సిన అన్నం. కంచం లేదు కదా, అన్నం గిన్నె మూత వెల్లకిలా పెట్టుకుని అందులో కలుపుకుంది. నన్ను చూసి "ఏట్రా, ఇయ్యేల ఎలుతురుండగానే ఒచ్చీసినావ్, ఒంట్లో బాగోనేదా?" అంది. నేను గోడ మీది క్యాలెండరు దగ్గరికెళ్ళి ఒక్కొక్క కాగితం ఎత్తి చూశాను. ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం, శుక్రవారం. దాని కింద మళ్ళీ ఆదివారం. మధ్యలో చింపిన చోట మొదలు దగ్గర చిన్న పీచు మిగిలివుంది.

ఆ కొడుకుని చెవి మెలిపెట్టి తెమ్మని నా నోటితో నేనే అడిగాను. "అమ్మా, నాతో చెప్పొచ్చు కదా" అన్నాను. "సెప్పినాను కదరా, ఏప్రిల్ నుంచీ. నువ్వే కదా పార్దన సెయ్యమన్నావు" అంది అమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. కోపం లేదు, దెప్పడం లేదు, ఊళ్ళో ఎండ గురించి చెప్పినట్టు చెప్పింది. ముందుగదిలోంచి చెల్లి, "పెన్సిలిచ్చింది నేనే డైరెక్టరుగారూ. ఎవరి చీటీయో కనుక్కున్నారా, ఇంకా దర్శనాలున్నాయా?" అంది. నేను అమ్మ పక్కన నేలమీద చతికిలబడ్డాను. ఏడుపు ఆపుకోవడానికి 'ఆకలేస్తోంది' అన్నాను. అమ్మ ఆ మూతలోంచే ఒక ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్న బస్సు ఒకటి వదిలేసి, నాన్న లేచేదాకా ఆగాను. శనివారం డ్యూటీ ఎవరితోనైనా మార్చుకోగలవా అని నసిగాను. "నిన్ననే మార్సీసినాను" అన్నాడు నాన్న, వేపపుల్ల నముల్తూ. "నువ్వు పార్దనలో కఠిన హృదయుడనీసరికే నాకు తెలిసిపోనాది, నానేనని." నాన్నకి తెలిసింది. కోటు అంకుల్‌కి, హార్మోనియం మాష్టారికి, అయ్యగారికి ఎవరి మటుకు వాళ్ళకి తెలిసింది. సంఘంలో ఆ చీటీ ఎవరికీ తగలకుండా పోలేదు, చదివినవాడికి తప్ప.

అయినా నా రోగం ఒక్క పూటలో కుదిరేది కాదు. సోమవారం అయ్యగారి దగ్గరికెళ్ళి, శనివారం ముగింపుకి నేను ఉండలేనని చెప్పాను. ఆయన కంగారు పడతారని, బతిమాలతారని, నేను బరువుగా తల అడ్డంగా ఊపాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. "మంచిది బాబూ" అన్నారాయన, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. నాకు మనసు చివుక్కుమంది. "మరి డైరెక్టరు లేకుండా ఎలాగండి?" అన్నాను. "పిల్లలు ఉన్నారు కదా" అన్నారు. శుక్రవారం నాటిక సామాన్లలోంచి మా నాలుగు కంచాలూ ఏరి, వాటికంటిన రంగు మరకలు కడిగి సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ వాటిని మళ్ళీ చింతపండుతో తోమి, ఎవరి పేరు ఏదో తడిమి చూసుకుని బోర్లించింది.

శనివారం పొద్దున్నే బయల్దేరి, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు మారి, పదింటికల్లా భీమిలిలో దిగాం. నాలుగు గిన్నెల క్యారేజీ నా చేతిలో, అన్నం గిన్నె నాన్న చేతిలో, కంచాల సంచి చెల్లి చేతిలో, అమ్మ చేతులు మాత్రం ఖాళీ. ఊరు రాగానే అమ్మ నడక మారిపోయింది. చేపలమ్మే ఆవిడ ఎవరో పలకరిస్తే అక్కడే నిలబడి పావుగంట మాట్లాడింది. ఒడ్డుకి లాగిపెట్టిన ఒక పడవ నీడలో దుప్పటి పరిచాం. సముద్రం వైపు చూస్తున్నానన్న మాటే గానీ, నా చెయ్యి మాటిమాటికీ వాచీ మీదికి పోతోంది. ఇప్పుడు చర్చిలో జెండా పాట అయివుంటుంది. ఇప్పుడు బహుమతులు. ఇప్పుడు నాటిక, తండ్రి లేని నాటిక. ఉండబట్టలేక డైరీ తీశాను. అమ్మ చేపల పులుసు గిన్నె విప్పుతూ, "అదిలా ఇయ్యి" అంది. ఎందుకో అనుకుని ఇచ్చాను. దుప్పటికి మరక కాకుండా మే నెల పేజీల మీద పులుసు గిన్నె దించింది.

నాలుగు కంచాల్లో అన్నం, మామిడికాయ పప్పు, పులుసు. ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. అలవాటు కదా, కళ్ళు మూసుకుని "కృపగల తండ్రీ, సమస్త సృష్టికి ఆధారభూతుడా, ఈ సముద్ర తీరమందు" అని ఎత్తుకున్నాను. మోకాలి మీద చెయ్యి పడింది. "ఉండ్రా, నాను సేత్తాను. పులుసు సల్లారిపోతాది" అంది అమ్మ. కళ్ళు కూడా సరిగ్గా మూసుకోకుండా, మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూస్తూ, "బాబూ, నలుగురం కూకున్నాం. సాలు. ఆమేన్" అంది. అంతే. నేను ఆ ఏడాది మొత్తం చేసిన ప్రార్థనలన్నీ కలిపినా అంత బరువు తూగవని నాకు ఆ పూటే తెలిసింది. ప్రభువు కోసమని నేను ఊరంతా తిరిగాను, ఆయన మా వంటింట్లోనే ఉన్నాడు, అన్నం గిన్నె మూత పక్కన. తిన్నాక నాన్న పడవకి ఆనుకుని గురక పెట్టి నిద్రపోయాడు, చెల్లి అమ్మని నీళ్ళలోకి లాక్కెళ్ళింది. నేను నాలుగు కంచాలూ ఇసకతో తోమి సముద్రంలో కడిగాను. నా జన్మలో కంచాలు తోమడం అదే మొదలు. ఇంటికెళ్ళాక అమ్మ వాటిని మళ్ళీ తోముకుంది.

చర్చిలో ముగింపు ఎలా జరిగిందో మర్నాడు ఆరాధనలో తెలిసింది. అంత బాగా ఏ ఏడూ జరగలేదట. తండ్రి వేషం కోటు అంకుల్ వేశాడట, కోటుతోనే. మా కంచాలు లేవు కాబట్టి విస్తరాకులు వేశారట, వాటిలో ఆంటీ నిజం పులిహోర వడ్డించిందట. పిల్లలు నటించడం మానేసి తినడం మొదలుపెడితే నాటిక ఎంతసేపటికీ అయిపోలేదట, ప్రేక్షకుల్లోని పిల్లలు కూడా స్టేజీ ఎక్కి కూర్చున్నారట. నేను కూడా అందరితో పాటు నవ్వాను, కొంచెం ఆలస్యంగా. మధ్యాహ్నం స్టేషన్లో రైలు కదులుతుంటే చెల్లి కిటికీలోంచి తన కంచం పైకెత్తి చూపించింది. అమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో అన్నిటికంటే పైన పెట్టిందట. అప్పటిదాకా నిబ్బరంగా నిలబడ్డ నాన్న, ప్లాట్‌ఫారం మీద పళ్ళబండి వైపు తిరిగి, కొనకుండానే చాలాసేపు బేరం చేశాడు.

ఏళ్ళు గడిచాయి. నాన్న రిటైరయ్యాడు, ఇప్పుడు ఏ షిఫ్టూ లేక రోజంతా మా అందరికీ టైము చెబుతుంటాడు. చెల్లి ఆ ఊళ్ళోనే హెడ్ నర్సు, ఇద్దరు పిల్లలు. నేను చర్చిలో పెద్దనయ్యాను. చీటీలు ఇప్పటికీ నేనే చదువుతాను, అయితే ముందు ఇంట్లో అందరి మొహాలూ చూసుకుని, తర్వాత ప్రతి చీటీనీ ఒకసారి వెనక్కి తిప్పి చూసి చదువుతాను. ఎందుకలా తిప్పుతానో కొత్తగా వచ్చినవాళ్ళకి అర్థం కాదు. బుద్ధి వచ్చిందని చెప్పుకోను. డైరీ పోయి సెల్‌ఫోన్ వచ్చింది గానీ, మనిషిని నేనే కదా. ఈ మే నెలలో కూడా వి.బి.ఎస్., గుడారాలు వేసి జరిపే ప్రార్థన కూటాలు, కమిటీలు, అన్నీ ఉన్నాయి.

మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ ఎందుకో క్యాలెండరు కాగితాలు పైకెత్తి చూశాను. శుక్రవారం కింద ఆదివారం ఉంది. మా ఎనిమిదేళ్ళ అమ్మాయిని పిలిచి అడిగితే, "నాకేం తెలీదు నాన్నా" అని వాళ్ళ నాన్నమ్మ వైపు చూసింది. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. "సెల్లి శుక్రారం రాత్రి బండికి పిల్లల్తో బయల్దేరతాదట" అంది, చేటతో మాట్లాడుతున్నట్టు. వంటింటి అరలో మా కంచాలు వరసగా ఉన్నాయి, నా భార్యదీ పిల్లదీ కూడా చేరి అయిదయ్యాయి. చెల్లి వస్తే దాని కంచం అదే తెచ్చుకుంటుంది. ఖాళీ బెంచీల ముందు కూర్చుని తన హాజరు తనే వేసుకున్న ఆ ఇరవై మూడేళ్ళ సెక్రటరీ గుర్తొచ్చి, కాఫీ పొలమారేంత నవ్వొచ్చింది. ఫోన్ తీసి, శనివారం కమిటీకి రాలేనని కబురు చెప్పాను. ఎందుకని అడిగారు.

"ఈ వారం మా ఇంట్లో శనివారం లేదండీ" అన్నాను.